కట్టుకి కోసిన కిటికీ

పోయిన వారం మన చిన్నదాన్ని పెద్దాయన గది బయట బల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా పాపం అక్కడే గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నట్టు లెక్క. కొత్తగా చదువుతున్నవాళ్ళకి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. డాక్టరీ చదువు చివరికొచ్చి, ఆసుపత్రి వార్డుల్లో చెప్పిన పనల్లా చేస్తూ తిరిగే పిల్ల ఇది. ఇంట్లో ఇద్దరాడపిల్లల్లో రెండోది కాబట్టి చిన్నది. ఆ పేరు ఎలా పొక్కిందో గానీ, తోటివాళ్ళకీ అదే నోటికొచ్చేసింది. ఇక మీదట ఏ విభాగంలో పై చదువు చదవాలో తేలాల్సిన రోజు ఇవాళ. చిన్నది ఎముకల విభాగం కావాలంది. ఆ విభాగానికి అధిపతి, ఆసుపత్రంతా పెద్దాయన అని పిలిచే డాక్టరుగారు, ఏడాదికి ఒక్కరినే తీసుకుంటారు. ఆ ఒక్కరూ ఎవరో సాయంత్రం లిస్టులో వస్తుంది.

ఎముకలన్నందుకు ఇంట్లో ఎంత రభస జరిగిందో పాత పాఠకులకి తెలుసు. సుత్తీ రంపం పట్టుకుని వడ్రంగం చేయడానికా ఇన్నేళ్ళు నిద్ర మానుకుని చదివించానూ అని వాళ్ళమ్మ మూడు పూటలపాటు మాట్లాడటం మానేసింది. చర్మం డాక్టరువైతే వేళకి తిని వేళకి పడుకోవచ్చే అని అక్క బతిమాలింది. హాస్టల్లో పక్క మంచం పిల్ల, నిద్రముఖం అని ముద్దుగా పిలుచుకునే ఆ తల్లి, ఎక్స్‌రేలు చదివే విభాగం ఎంచుకుని హాయిగా ఉంది. బొమ్మ ఏడవదు, బొమ్మ తాలూకు చుట్టాలు మన కాలరు పట్టుకోరు అని దాని వాదన. ఆ మాటలో అబద్ధమేముంది చెప్పండి.

చిన్నది మాత్రం పట్టిన పట్టు విడవలేదు. ఎందుకే అని అడిగిన ప్రతివాళ్ళకీ ఒక్కో కారణం చెప్పింది గానీ అసలుది ఎవరికీ చెప్పలేదు. మొదటి ఏడాదిలో, శవాన్ని కోసి నేర్చుకునే హాల్లో, పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ మెచ్చుకోని ఒక మేడమ్ దాని వెనక కాసేపు నిలబడి చూసి, నీవి సర్జన్ వేళ్ళు అని చెప్పి వెళ్ళిపోయింది. అంతే. అత్తెసరు మార్కులతో నెట్టుకొచ్చిన పిల్లకి ఆ ఒక్క మాటే ఆస్తి. దాని మీదే ఇన్నాళ్ళూ బతికింది.

ఇంకొక్క సంగతి గుర్తుచేసి కథలోకి వెళ్తాను. ఇవాళ పొద్దున వార్డులో జరిగింది. కాలు విరిగి నిన్న సాయంత్రం చేరిన టైలరమ్మకి మోకాలి కింద నుంచి సిమెంటు కట్టు వేశారు. పెద్దాయన దగ్గర ఒక పద్ధతి ఉంది. కాలికి కట్టు వేస్తే, పాదం పైన రెండు మూడు వేళ్ళు పట్టేంత కిటికీ కోసి వదలాలి. అందులో వేలు పెట్టి, కిందికి రక్తం అందుతోందా లేదా అని నాడి చూడాలి. టైలరమ్మ రాత్రంతా ఏడ్చింది. ఇంజెక్షన్లిచ్చినా ఏడుపు ఆగలేదు. లోపల ఎవరో మర బిగిస్తున్నట్టుందమ్మా అని చిన్నదాని చెయ్యి పట్టుకుంది. ఆపరేషన్ థియేటరుకి పరుగెడుతున్న సీనియర్ వెనక్కి తిరక్కుండానే, నాడి చూడు, ఉంటే వదిలేయ్ అన్నాడు. చిన్నది వేలు పెట్టి చూసింది. ఉంది సార్ అంది. అయితే నాటకాలే అని ఆయన వెళ్ళిపోయాడు.

ఇక తలుపు తెరుచుకుంది.

గదిలో పెద్ద హంగులేమీ లేవు. ఒక బల్ల, ఎక్స్‌రేలు తగిలించి చూసే తెల్ల దీపాల పెట్టె, కిటికీ అంచున ప్లాస్టిక్ తుంటి కీలు, ఒక పొట్టి స్టూలు. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చోమన్నారు. కేకలేసే మనిషైతే చిన్నదానికి కొంత నయంగా ఉండేది. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. పెరగకుండానే పోయినేడాది ఒక కుర్రాణ్ణి ఈ గదిలోంచి ఏడిపించి పంపారు. ఆ కుర్రాడు ఇప్పుడు మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. ఇవన్నీ సరిగ్గా ఆ కుర్చీలో కూర్చున్నాకే గుర్తుకు రావాలా మన పిల్లకి!

"ఎముకలే ఎందుకు?" అన్నారాయన.

చిన్నది వల్లించింది. కదలలేని మనిషిని నడిపించడంలో ఉన్న తృప్తి గురించి చెప్పింది. సేవ గురించి చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక, పొద్దుట్నుంచి ముగ్గురొచ్చారని, ముగ్గురూ ఇదే పాఠం అప్పజెప్పారని, అద్దం ముందు నేర్చుకున్నవి పక్కన పెట్టి నీది నువ్వు చెప్పమని మెల్లగా అన్నారు. చిన్నదానికి నాలుక పిడచకట్టుకుపోయింది. కట్టుకుపోయిన నోట్లోంచి ఏం వస్తుంది? నిజమే వచ్చింది.

"మొదటి ఏడాదిలో ఒక మేడమ్ నావి సర్జన్ వేళ్ళన్నారు సార్. అంతే సార్."

చెప్పాక సిగ్గుతో చచ్చిపోయింది. పెద్దాయన నవ్వలేదు. చూద్దాం ఆ వేళ్ళు అని వంగి, తన ఎడమ కాలి బూటు విప్పారు. మేజోడు లాగేశారు. పాదాన్ని స్టూలు మీద పెట్టి, నాడి చూసి చెప్పమన్నారు.

ఇదేం పరీక్షరా భగవంతుడా అనుకుంటూ చిన్నది నేల మీద మోకాళ్ళానించింది. వయసు మీద పడ్డ పాదం, పైన పాత మచ్చ ఒకటి. బొటనవేలి వెనక, ఎముకల మధ్య, పుస్తకంలో చెప్పిన చోట మూడు వేళ్ళు ఆన్చింది. ఏమీ దొరకలేదు. వేళ్ళు కాస్త జరిపింది. లేదు. పైనుంచి ఆయన చూస్తున్నారు. గుండె పరుగందుకుంది. ఇంకాస్త గట్టిగా నొక్కింది. అప్పుడు దొరికింది. టక టక టక టకమని వేళ్ళ కింద కొట్టుకుంటోంది. అమ్మయ్య అనుకుంది.

"ఉంది సార్. బాగా కొట్టుకుంటోంది."

"వేగంగానా, నెమ్మదిగానా?"

"వేగంగానే సార్."

ఆయన తన చెయ్యి చాపి, ఆ వేళ్ళు పాదం మీదే ఉంచి, రెండో చేత్తో మణికట్టు చూడమన్నారు. చిన్నది మణికట్టు పట్టుకుంది. అక్కడ నాడి తాపీగా, భోంచేసి కునుకు తీస్తున్న మనిషి ఊపిరిలా నడుస్తోంది. ఒక్కసారి కొట్టుకుని, ఆగి, తీరిగ్గా మళ్ళీ కొట్టుకుంటోంది. కింద పాదం మీద మాత్రం టక టక టక. ఒకే మనిషికి, ఒకే గుండెకి, రెండు వేగాలు ఎలా వస్తాయి? చిన్నది పాదం వంక చూసింది. మణికట్టు వంక చూసింది.

"పాదంలోది ఎవరిది?" అన్నారు పెద్దాయన.

జవాబు తెలుస్తూనే ఉంది. భయంతో గుండె పరుగెడుతుంటే, వేళ్ళు గట్టిగా నొక్కితే, తన నాడి తన వేలికొసల్లోనే కొట్టుకుంటోంది. ఎదుటివాడి ఒంట్లో ఉందనుకుంటున్నది తనదే.

"నాది సార్," అంది.

ఆయన తలాడించారు. చిన్నప్పుడు ఒక ప్రమాదంలో ఆ పాదం పైన రక్తనాళం తెగిపోయిందని, రక్తం వేరే దారుల్లో వస్తోంది గానీ అక్కడ నాడి దొరికే ప్రసక్తే లేదని చెప్పారు. ఈ గదికొచ్చినవాళ్ళలో సగం మందికి పైగా ఆ పాదంలో నాడి దొరికిందట. దొరికినందుకు ఎవర్నీ కాదనలేదట. మణికట్టు పట్టుకున్నాక కూడా, లేదు సార్ ఉంది, మీకు తెలియట్లేదు అని వాదించినవాళ్ళనే పంపేశారట. నాది అని నోరు తెరిచి చెప్పింది ఈసారి నువ్వొక్కదానివే అని, మేజోడు అందుకుంటూ, ఊరికే మాటవరసకి అన్నట్టు అన్నారు.

"సాయంత్రం లిస్టులో నీ పేరు ఉంటుంది. వెళ్ళు."

మామూలుగా అయితే ఇక్కడ మన చిన్నది ఎగిరి గంతేయాలి. అమ్మకి ఫోన్ చేయాలి. నిద్రముఖాన్ని నిద్రలేపాలి. కానీ లేచి నిలబడ్డ మనిషి తన వేళ్ళ వంక చూసుకుంది. పొద్దున. వార్డు. కిటికీలో వేలు. ఇవాళ పరీక్ష ఉందన్న కంగారుతో పొద్దున కూడా గుండె ఇలాగే పరుగెడుతోంది. మొదట నాడి దొరకలేదు. సీనియర్ తొందరపెట్టాడు. గట్టిగా నొక్కింది. దొరికింది. టక టక టక.

పై ప్రాణాలు పైనే పోయాయి పిల్లకి.

ఇప్పుడు నోరు మూసుకుని, థాంక్యూ సార్ అని బయటికి నడిస్తే చాలు. పరుగున వార్డుకి పోయి తనే ఇంకోసారి చూసుకోవచ్చు. నాడి ఉంటే సరే, ఎవరికీ తెలియదు. లేకపోతే? లేకపోతే అప్పుడు చెప్పొచ్చు, ఇప్పుడే పోయినట్టుంది సార్ అని. ఎవరు కాదంటారు? అంత మాట తన బుర్రలోకి వచ్చినందుకు దానికే ఒళ్ళు జలదరించింది. వచ్చిన మాట పోలేదు. అన్నీ అమిరి చేతిలో పడ్డ సీటు, చెబితే పోతుంది. ఈయన దగ్గర పోతే ఇంకెక్కడా రాదు. తలుపు పిడి మీద చెయ్యి వేసింది. ఇత్తడి పిడి చల్లగా తగిలింది. టైలరమ్మ పాదం కూడా పొద్దున చల్లగానే ఉంది. ఫ్యాను గాలికేమోలే అనుకుంది అప్పుడు.

వెనక్కి తిరిగింది.

"సార్. పొద్దున ఇంకో కాలు చూశాను సార్."

బూటు తొడగబోతున్న చేతులు ఆగాయి. చిన్నది చెప్పేసింది. కట్టు సంగతి, రాత్రంతా ఏడుపు సంగతి, తను ఉంది అనడం, సీనియర్ వదిలేయడం, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేదు. చూసి ఉంటే సగంలోనే ఆగిపోయేది.

"రెండో చెయ్యి ఎక్కడ పెట్టావ్?"

"మంచం కమ్మీ మీద సార్."

"పాదం?"

"చల్లగా ఉంది సార్."

"ఇంజెక్షన్లకి నొప్పి తగ్గిందా?"

"తగ్గలేదు సార్."

"అయితే నాడి ఉన్నా సరే, అప్పుడే కట్టు కోయాలి," అన్నారాయన. బల్ల మీది ఫోనెత్తి వార్డుకి కలిపారు. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఫోను పెట్టేసి లేచారు. విప్పిన బూటు నేల మీద అలాగే వదిలేసి, ఒక కాలికి బూటు, ఒక కాలికి వట్టి మేజోడుతో, తలుపు తీసుకుని నడిచేశారు. బయట బల్ల మీద ఏదో సంతకం కోసం కూర్చున్న కుర్రాడు లేచి నమస్కారం పెడితే చూడను కూడా లేదు. చిన్నది వెనకాల పరుగులాంటి నడక నడిచింది.

ఆ వరండా రోజూ నడిచేదే. మందుల కొట్టు ముందు క్యూ, రక్తపరీక్షల కిటికీ దగ్గర గొడవ, స్ట్రెచరు చక్రం కిర్రుమనడం, ఏవీ మారలేదు. ఇవాళ మాత్రం అది ఎంతకీ తరగడం లేదు. పెద్దాయన నడుస్తూనే, తరగతిలో పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు. విరిగిన కాలు లోపల వాస్తుంది. వాయడానికి చోటు కావాలి. సిమెంటు కట్టు చోటివ్వదు. బిగిసి బిగిసి రక్తం ఆగిపోతుంది, కండ చావడం మొదలుపెడుతుంది. ముందు నొప్పి. ఏ మందుకీ లొంగని నొప్పి. ఆ నొప్పి ఉన్నంతసేపూ మన చేతిలో టైమున్నట్టే.

"ఆ తర్వాత నరం చచ్చిపోతుంది. నరంతోపాటు నొప్పీ పోతుంది," అన్నారు. "ఇంకా ఏడుస్తూ ఉంటే అదృష్టం."

ఎంత చిత్రమో చూడండి. ఈ ఏడుపు ఎప్పుడు ఆగుతుందిరా దేవుడా అని పొద్దున చెవులు మూసుకున్న పిల్ల, ఇప్పుడు ఆ ఏడుపు కోసం చెవులు రిక్కించి నడుస్తోంది. ఏడవవే తల్లీ, ఒక్క కేక పెట్టవే అని మనసులో మొక్కుకుంటోంది. పొద్దున ఆ కేకలు మెట్ల దగ్గరికే వినబడ్డాయి. మెట్లు ఎక్కారు. ఏమీ వినబడలేదు. మలుపు తిరిగారు. బకెట్టు జరిపిన చప్పుడు, ఎవరో దగ్గడం. వార్డు గుమ్మంలోకి వచ్చేశారు. వార్డు ప్రశాంతంగా ఉంది.

పెద్ద సిస్టరు ఎదురొచ్చింది. పెద్దాయన కాళ్ళ వంక చూసి, చూడనట్టు మొహం పెట్టి, టైలరమ్మ గురించేనా సార్, పొద్దుట్నుంచి మా ప్రాణాలు తోడేసింది, ఇందాకట్నుంచే కాస్త నెమ్మదించింది అని చెప్పింది. మంచి వార్త చెబుతున్నానని ఆవిడ ముఖంలో వెలుగు. పెద్దాయన ఆగకుండా మంచం దగ్గరికి నడిచారు.

టైలరమ్మ మెలకువగానే ఉంది. తలకింద రెండు దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహాన్ని తడిగుడ్డతో తుడుచుకుని, తల దువ్వుకుని కూర్చుంది. కట్టు కాలు పొడుగ్గా దుప్పటి కింద ఉంది. చిన్నదాన్ని చూడగానే నవ్వింది. పక్కన స్టూలు మీదున్న ఆడపడుచుతో, ఇదిగో ఈ పిల్లే, నేను చెప్పానే, అంది.

"నీ చెయ్యి చల్లగుండ. నువ్వు చూసి వెళ్ళాక కాసేపటికి నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందమ్మా. సూది మందుకి పోనిది నీ వేలు పెడితే పోయింది."

టైలరమ్మ మాట్లాడుతూనే ఉంది. రాత్రి అందర్నీ ఇబ్బంది పెట్టాను, ఏమనుకోకండి అంది. నీ కోటు భుజాలు జారుతున్నాయని పొద్దున్నే చూశాను, ఆ ఏడుపులో చెప్పలేకపోయాను, ఇలా విప్పి ఇచ్చావంటే కూర్చుని సూదీ దారంతో సరిచేసి పెడతాను అంది. మిషను మీద కుట్టాలంటే మాత్రం కాలు బాగవ్వాలిగా, ఈ కాలే కదా తొక్కేది అని తనే నవ్వింది.

పెద్దాయన దుప్పటి తొలగించారు. చిన్నదాని వైపు చూసి, రెండో చెయ్యి అన్నారు. ఆ రెండు మాటలే.

చిన్నది ఎడమ చేత్తో టైలరమ్మ మణికట్టు పట్టుకుంది. కుడి చేతి వేళ్ళు కట్టుకి కోసిన కిటికీలో పెట్టింది. ఈసారి నొక్కలేదు. ఊరికే ఆన్చింది. మణికట్టులో నాడి చక్కగా, నమ్మకంగా నడుస్తోంది. పాదంలో ఏమీ లేదు. కాసేపు చూసింది. చర్మం నేల మీది గచ్చులా చల్లగా ఉంది. అటు జరిపింది, ఇటు జరిపింది. ఆ మేడమ్ మెచ్చుకున్న వేళ్ళకి మొదటిసారి నిజం తెలిసింది, ఏమీ లేదన్న నిజం. తల ఎత్తి పెద్దాయన్ని చూసి, లేదు సార్ అని తల అడ్డంగా ఆడించింది.

పెద్దాయన సిస్టరు వైపు తిరక్కుండానే చెయ్యి చాపి, కట్టు కోసే కత్తెర అడిగారు. థియేటరు ఖాళీ చేయించమని చెప్పారు. గొంతు అప్పుడూ పెరగలేదు. కత్తెరన్న మాట వినబడి టైలరమ్మ ఇటు తిరిగి, కత్తెర పనైతే నాకివ్వండి డాక్టరుగారూ, మీకన్నా నీటుగా కోస్తాను అంది. ఆడపడుచు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సిస్టరు నవ్వలేదు. ఆవిడకి అర్థమైపోయింది. గబగబా వెళ్ళి కత్తెర తెచ్చింది.

పెద్దాయన కత్తెర అందుకుని, కట్టు అంచున మొన ఆన్చారు. కోయడం మొదలుపెట్టే ముందు, కాలివేళ్ళు ఒకసారి ఆడించమ్మా అన్నారు.

టైలరమ్మ సరేనని దిండు మీద వెనక్కి వాలింది. ఎత్తిన దిళ్ళ మీంచి ఆవిడకి కట్టు కనబడుతోంది గానీ దాని అవతల వేళ్ళు కనబడవు. కళ్ళు చికిలించి, పెదవి బిగబట్టి, బుద్ధిమంతురాలైన పిల్ల పాఠం అప్పజెబుతున్నట్టు శ్రద్ధగా ప్రయత్నించింది. మెడ నరం ఉబ్బింది. భుజం కూడా కదిలింది.

వేళ్ళు కదల్లేదు.

పెద్దాయన కత్తెర మొన వైపే చూస్తూ, చిన్నదానికి మాత్రమే వినబడేలా అన్నారు. "కట్టు నేను కోస్తాను. ఆవిడతో నువ్వు మాట్లాడాలి. పొద్దున ఉందని చెప్పింది నువ్వేగా."

చిన్నది మణికట్టు వదల్లేదు. ఆ వేళ్ళ కింద నాడి ఇప్పుడు వేగం పెరుగుతోంది. ఈసారి అది ఎవరిదో అనుమానం లేదు. టైలరమ్మ ముందు పెద్దాయన మొహం చూసింది, తర్వాత సిస్టరు మొహం చూసింది, చివరికి చిన్నదాని మొహం దగ్గర ఆగింది.

"ఏమ్మా, అలా చూస్తారేంటి అందరూ?" అంది. "ఆడిస్తున్నానుగా."